ఒక ఎండాకాలం చూసిన దూడ

డర్హమ్‌లో మూడోరోజూ వాన.
గదిలో తేమ యాభై రెండు.
యాభై అయిదు దాటితే ఆకు మెలిపడుతుంది,
పదమూడొందల ఏళ్ళయినా
చర్మానికి వీపు గుర్తు.

నా పని చిన్నది.
భూతద్దం కింద, మూడు వెంట్రుకల కుంచెతో
లేచిపోతున్న రంగు పెచ్చు కింద
చేప జిగురు బొట్టు పెట్టి
ఊపిరి బిగబట్టి కూర్చోవడం.
పసుపు, తాళకం. ఎరుపు, సింధూరం.
ఆకుపచ్చ మాత్రం రాగి చిలుము,
కూర్చున్న చోటునే తినేస్తుంది;
ఒకచోట కొంగ మెడ పోయి
కొంగ మెడ ఆకారంలో కంత మిగిలింది.
సిరా మాచికాయది. వాసన పోయింది, కాటు పోలేదు.

పేజీ నిండా ఒకే అక్షరం.
దాని తోక పట్టుకుని బయల్దేరితే
తోక పామవుతుంది, పాము కుక్క నోట్లోంచి దూరుతుంది,
కుక్క కాలు వెళ్ళి కుక్క చెవికే ముడిపడుతుంది,
ఎక్కడా తెగదు.
ముగ్గు అనబోయి ఆగాను.
ముగ్గు, మధ్యాహ్నానికి కాళ్ళ కింద పోతానని తెలిసే పుడుతుంది.
ఇది పోనని మొండికేసింది.
నిలువుగీత గీస్తే తాటాకు చీలుతుందని
మా అక్షరాలు గుండ్రం తిరిగాయంటారు.
ఈ చర్మం అన్నిటినీ ఓర్చుకుంది.
ఓర్చుకునేవాటి మీదే ఎక్కువ రాస్తాం కాబోలు.

అంత పనితనం మధ్యలో ఒక కన్నం. చిటికెన గోరంత.
రాసినవాడు దాని దాకా వచ్చి
ఒక మాటని రెండుగా విరిచి
సగం ఇటు, సగం అటు పెట్టి దాటిపోయాడు.
రంగులవాడు ఊరుకోలేదు,
చుట్టూ ఎర్రచుక్కలు పెట్టాడు. నలభై ఒకటి.
మేం రికార్డులో రాసుకున్నది: లోపం, ఒకటి.

శనివారం జనాన్ని లోపలికి రానిచ్చాం.
వియర్ లోయ నుంచి ఫెదర్‌స్టన్ అనే రైతు,
మనవరాలు లాక్కొస్తే వచ్చాడట,
తడి టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.
పాముల్ని చూడలేదు. శిలువని చూడలేదు.
అద్దానికి ముక్కు ఆనించి
"జోరీగ," అన్నాడు.

"కాళ్ళ మీద గుడ్లు పెడుతుంది.
పురుగు చలికాలమంతా ఒంట్లో నడిచి
వసంతంలో వీపు చీల్చుకుని వస్తుంది.
అంటే ఇది ఒక ఎండాకాలం పచ్చిక మీద తిరిగింది.
పాలు మానిన దూడ."
వేలు గాల్లోనే వెన్ను వెంట జరిపి
"తల ఇటు," అన్నాడు.

ఆరేళ్ళుగా ఈ ఆకుతో ఉన్నాను.
తల ఎటని ఒక్కసారీ అడగలేదు.

"నావి నూటపద్నాలుగు," అన్నాడు, అద్దంతోనే.
"గాలికుంటు వచ్చిన ఏడు ఒక్కరోజులో కాల్చారు.
మా వాటికి జబ్బు లేదు, పక్కవాళ్ళ వాటికి ఉంది.
ఒక్క తోలు మిగల్లేదు."
నేను ఏదో అనాలి. చేతిలో కుంచె ఆరిపోతోంది.
మనవరాలు టాంసిన్ చుక్కలు లెక్కపెడుతూ
ఇరవై మూడు దగ్గర తప్పి
మళ్ళీ మొదట్నుంచి అందుకుంది. ఆయన ఆగాడు,
ఆ పిల్ల ముగించేదాకా.

సోమవారం రికార్డు తెరిచాను.
లోపం అన్న మాట కొట్టేసే అధికారం నాకు లేదు.
పక్కన పెన్సిల్‌తో రాశాను: తల ఎడమవైపు.
తేమ యాభై నాలుగు.
ఆకు ఒక అంచున, కొద్దిగా, కదిలింది,
ఈగ వాలితే వీపు అదిరినట్టు.