ఒకటంటే ఔను

ఏటుకూరు రోడ్డు మలుపులో ఆటో తిరగబడింది.
దయామణి దవడకి తీగలు చుట్టి
ఆరు వారాలు నమలొద్దన్నారు పెద్దాసుపత్రిలో.
"వడగట్టిందేదైనా స్ట్రాతో పట్టండి,
కారం మాత్రం తగలనీయకండి" అంది నర్సమ్మ,
గుంటూరులో అదేదో తేలికైన పనైనట్టు.

నేను మిర్చియార్డులో కాటా మనిషిని.
నా చొక్కా దులిపితే పక్కింటి పిల్లి తుమ్ముద్ది.
బస్తా ఎంత తూగుద్దో చూపుతో చెప్తా.
క్యారెట్ ఎంతసేపట్లో ఉడుకుద్దో
ఏనాడూ అడగలేదు.

ఆవిడ మంచం మీద, చేతిలో గరిటె.
మంచం పట్టె మీద ఒక దెబ్బ కొడితే ఔను.
రెండు కొడితే కాదు.
ఆగకుండా కొడితే
నేను చేసేది మనుషులు చేసే పని కాదని.

కొత్తపేటలో తోపుడు బండి దగ్గర కొన్నవన్నీ
ఒక్కొక్కటే తెచ్చి చూపించా.
తీపి గుమ్మడి బద్ద: ఒకటి.
సొరకాయ: గోరు గుచ్చి చూసుకుని, ఒకటి.
బీట్‌రూట్: రెండు, గట్టిగా.
నేను తీసిన చెక్కులోంచి ఒకటి ఏరి
వెలుగుకెత్తి పట్టుకుంది,
దానికెంత కండ అంటుకుపోయిందో నన్ను చూడమని.

చెంచాడు వెన్నలో ఉల్లిపాయ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు,
ఎర్రబడక ముందే ముక్కలు, ముక్కలు మునిగేన్ని నీళ్లు.
కుక్కర్ మూడు కూతలేసింది.
లోపలి గదిలోంచి నాలుగో వేలు లేచింది.

అసలు కష్టం మిక్సీ జార్ దగ్గరొచ్చింది.
సబ్బుతో కడిగా. వేణ్ణీళ్లతో కడిగా.
గుప్పెడు బియ్యం వేసి తిప్పితే
పిండి గులాబీ రంగులో వచ్చింది.
మూత రబ్బరు ఊడదీశా.
దాని గాడిలో నిరుటి కొరివికారం, మొన్నటి కందిపొడి,
ఎప్పుడు నూరిందో తెలియని వెల్లుల్లి కారం.
మా కాపురమంతా అక్కడే ఉంది
సన్నటి ఎర్రగీత అయి.
అగ్గిపుల్లతో గీకా.
కళ్లెంట నీళ్లొచ్చాయి. ఘాటుకే.

పొగలు కక్కుతుండగానే పోసి, మూత నొక్కి, మీట తిప్పా.
మూత లేచిపోయింది.
గోడ మీద గుమ్మడి, బనీను మీద గుమ్మడి,
క్యాలెండర్‌లో ఏప్రిల్ మూడో వారమంతా గుమ్మడి.
మంచం వైపు నుంచి ముక్కుతో ఏదో వింత చప్పుడు.
నొప్పేమోనని పరిగెత్తా.
నవ్వుతోంది, రెండు చేతుల్తో దవడ పట్టుకుని.
"నవ్వమాక, తీగలు తెగుతాయ్" అన్నా.
గరిటె వెతుక్కుని మరీ
రెండు కొట్టింది.

మిగిలిన సగం చల్లారబెట్టా.
జార్ సగమే నింపి, మూత మీద తువ్వాలేసి, అరచేత్తో అదిమా.
టీ వడపోతలో పోసి గరిటె వీపుతో రుద్దితే
పీచంతా పైన నిలిచి
కిందకి దిగింది, చిక్కగా,
పొద్దున ఆరింటికి యార్డు రేకుల మీద వాలే ఎండ రంగులో.
కాసిని పాలు. ఉప్పు.

ముందు నేనొక చెంచాడు నోట్లో వేసుకున్నా.
కరెంటు పోయినప్పుడు అగ్గిపెట్టె కోసం తడుముకున్నట్టు
నాలిక కారం కోసం తడుముకుంది.
దొరకలేదు.
కాసేపటికి మెల్లగా గుమ్మడికాయ వచ్చింది.
దాని వెనక ఉల్లిపాయ. ఇంకా వెనక వెన్న.
యాభై రెండేళ్లొచ్చాయి,
గుమ్మడికాయ ఇట్లా ఉంటదని నాకెవరూ చెప్పలేదు.

చెప్పే ఉంటది.
"కారం చాల్లేదు" అని కంచం జరిపిన ప్రతిసారీ
ఏదో అనబోయి
లేచెళ్లి కారం జాడీ తెచ్చేది.

ఆ సంగతి అడుగుదామనుకున్నా.
ఔను, కాదుల్లో ఇమిడే ప్రశ్న కాదు.
స్ట్రా వేసి గ్లాసు అందించా.
అడుగు గుర్రుమనేదాకా పీల్చింది.
బాగుందా?

గరిటె తీసుకుంది. ఆగింది.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి
చిటికెడు చూపించింది, ఉప్పు చాల్లేదని.
తర్వాత
ఒకటి.