గేటు పడింది

సాయంత్రం ఆరూ ఇరవైకి
జీడిపిక్కల మిల్లులో గంట కొడతారు.
ఆ గంటకి నా నాలిక కింద నీరూరుతుంది, ఇప్పటికీ.
నాలుగు నెలల పదకొండు రోజులని
నాకు తెలుసు, నాలిక్కి తెలీదు.

చేతులకి బూడిద రుద్దుకుంటాను.
పిక్క నూనె మరక వేళ్ళ సందుల్లో ఉండిపోతుంది.
ఉండనీ.

కాశీబుగ్గ మార్కెట్టు వైపు తిరిగితే ఇల్లు దగ్గర.
కానీ ఆ మలుపులో కొట్టుంది,
కొట్లో కుర్రాడు నా సీసా అడక్కుండానే తీసేవాడు.
అంత మర్యాద ఇంకెక్కడా దొరకలేదు నాకు.
అందుకని గేటు దారిన పోతాను.
పావుగంట ఎక్కువ. చెప్పులు అరుగుతాయి.

శ్రీకాకుళం ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది:
"అది ఉప్పెన కాదు, పోటు.
పోటెక్కినది తీయక మానదు.
ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చో, చాలు."
సముద్రం ఉన్నది బారువలో, నేనుండేది పలాసలో.
నాకున్న ఒడ్డు రైలు కట్టే.

గేటు పడుతుంది.
ఇచ్ఛాపురం వైపు నుంచి బొగ్గు గూడ్సు.
స్కూటర్ల వాళ్ళు విసుక్కుంటారు, హారన్లు కొడతారు.
నేనొక్కణ్ణే మనసులో డ్రైవరుకి దండం పెడతాను:
నెమ్మదిగా పోనీ బావూ, తొందరేటి?

ఒకటి. రెండు. మూడు.
తొమ్మిదో పెట్టెకి గొంతు ఎండుతుంది.
పదిహేడుకి వేళ్ళు వణుకుతాయి,
జేబులో నూటయాభై ఉన్నట్టు తొడకి తెలుస్తుంది.
ఇరవై ఆరు దగ్గర హైమ సైకిలు వస్తుంది,
బళ్ళో ఇచ్చిన సైకిలు,
నేను పన్నెండొందలకి అమ్ముకున్న సైకిలు,
పెట్టెకీ పెట్టెకీ మధ్య సందులోంచి
బెల్లు కొట్టుకుంటూ.
లెక్క తప్పుతాను. మళ్ళీ అందుకుంటాను.
నలభై. నలభై ఒకటి.
యాభై ఎనిమిదో పెట్టె వెనక
గార్డు పచ్చ జెండా ఊపుకుంటూ పోతాడు.
గేటు లేస్తుంది.
నేనూ.

మొన్న మంగళవారం ఏ బండీ రాలేదు.
గేటు ఆకాశంలోకి చెయ్యెత్తి నిలబడిపోయింది.
ఆ రోజే మేస్త్రీ అందరి ముందూ అన్నాడు,
"తాగుబోతు చేతికి పిక్కలిస్తే ముక్కలే వొస్తాయి" అని.
కాళ్ళు వాటంతటవే మార్కెట్టు వైపు తిరిగాయి.
ఫోను తీసి కూర్మారావుకి కొట్టాను.
వార్డులో నా పక్క మంచం వాడు, టెక్కలి దగ్గర,
మానెయ్యడంలో నాకంటే రెండు నెలలు పెద్ద.
ధైర్యం చెప్తాడనుకున్నాను.
"ఒరే, మా మేకకి కడుపుబ్బిపోనాదిరా" అన్నాడు.
వాము పట్టించాడంట, మిరియాలు నూరాడంట,
పొద్దున్నించీ దాని పక్కనే కూకున్నాడంట.
"ఏటి సెయ్యమంటావ్, వొదిలీసి ఎల్లలేను కదా."
ఇరవై రెండు నిమిషాలు మేక కథే.
నేనెందుకు ఫోను చేశానో వాడు అడగలేదు.
మేకకి తగ్గింది.

మేస్త్రీ మాట అబద్ధం కాదు.
అప్పట్లో నా గంప నిండా బద్దలూ ముక్కలే.
ఇప్పుడు గుండుపప్పు సగానికి పైనే.
అయినా పలాసలో ముక్కని పారెయ్యరు.
దానికో జల్లెడ ఉంది, దానికో డబ్బా ఉంది,
తక్కువో ఎక్కువో ఒక ధర ఉంది.

ఇంటికెళ్ళేసరికి దాలమ్మ
మంచినీళ్ళు చేతికిస్తూ కాస్త దగ్గరగా వంగుతుంది,
ముక్కుతో నన్ను చదువుకుంటుంది.
నాకు తెలుసని తనకీ తెలుసు.
ఇంకెన్నాళ్ళని అడగను.
ఊపిరి నిండా వదుల్తాను, చూసుకోనీ.

హైమ నాతో పెద్దగా మాట్లాడదు.
లెక్కల పుస్తకంలోంచి తలెత్తకుండానే
ఈ మధ్య ఒక్కటి అడుగుతుంది:
"ఇయాల ఎన్ని?"
"యాభై తొమ్మిది," అన్నాను,
"ఇంజిన్లతో కలిపితే అరవై ఒకటి."
"ఇంజిన్లని కలపకూడదు," అంది.