ఎడమ తలుపు

గాంధీ విగ్రహం దాటినాక, బెల్లం మండీ మీద
రెండో అంతస్తులో ఇన్సూరెన్స్ ఆఫీసు.
మెట్లెక్కుతుంటే కిందనుంచి బెల్లం వాసన,
పైనుంచి జెరాక్స్ మిషను వేడి.

పాత బండి నిన్ననే అమ్మేసినాం.
కొన్నది పుత్తూరు మునిశేఖర్, పెయింటింగ్ కాంట్రాక్టరు.
నోట్లు లెక్కబెడతా అడిగినాడు:
"ఐదేళ్ళ బోనస్ గూడా బండితో వస్తుంది గదక్కా?"
రాదన్నా.
స్టెప్నీ వస్తుంది, జాకీ వస్తుంది,
డాష్‌బోర్డు మీద అంటించిన వినాయకుడూ వస్తాడు.
అదొక్కటి రాదు.

ఏమీ జరగలేదని ఇచ్చే బహుమానం అది.
ఇరవై, ఇరవై ఐదు, ముప్పై ఐదు, నలభై ఐదు, యాభై.
ఏడాదికొక నిచ్చెన.
ఒక్క క్లెయిము పెడితే చాలు,
వైకుంఠపాళిలో పెద్దపాము మింగినట్టు
మళ్ళీ అడుగు గడిలో తేలతాం.
ఐదేళ్ళూ ఆ నోటికి దొరక్కుండా
పావు కదిపింది నేను.

మొగిలి ఘాటులో తోతాపురి లోడు లారీ
పక్కద్దం ఎగరగొట్టి పోయిననాడు
"క్లెయిము పెడదాం" అన్నాడు మా ఆయన.
చీటీ డబ్బులో రెండువేల ఆరునూర్లు తీసి
గ్రీమ్స్‌పేట కాజా చేతిలో పెట్టినా.
ముందద్దం చీలినప్పుడు
టేపు అంటించుకోని నాలుగు నెల్లు తిరిగినాం,
నా డీఏ బకాయిలు పడిందాకా.
కట్టమంచి సందులో ఆయనే రివర్సు తీస్తా
కరెంటు స్తంభానికి ఎడమ తలుపు ఆనించినప్పుడు
కాజా లోపలనుంచి సుత్తితో కొట్టి, లప్పం పూసి,
"కనబడదు లేమ్మా" అన్నాడు.
కనబడలేదు.

బండి నా పేరున ఎందుకుందంటే
ఆనాడు బ్యాంకోళ్ళకు కావాల్సింది జీతం చీటీ.
ఆస్పత్రి ల్యాబులో పనిచేసే నాకు అదుంది.
ఆయనకు అంగడుంది, చీటీ లేదు.
ఇప్పుడు అంగడి రొంత నిలదొక్కుకుంది.
కొత్త బండి ఢిల్లీబాబు పేరున బుక్ అయింది.
ఆ ఫారం నింపే పొద్దులో
నేను రక్తం స్లైడ్లు చూస్తా ఉండినా.

షాకీర్ అనే పిల్లోడు కంప్యూటర్లోనుంచి తలెత్తినాడు.
"బోనస్ బండిది కాదు సార్, మేడమ్‌ది.
కొత్తది మేడమ్ పేరున ఉంటేనే మారుతుంది."
"ఒకే ఇల్లు గదప్పా, ఒకే పొయ్యి."
"రేషన్ కార్డుకైతే చాలు సార్, దీనికి చాలదు.
మేడమ్ పోయినాక వారసులకు కావాలంటే..."
నాలిక కరుచుకున్నాడు.
పైన ఫ్యాను కిర్రుమంటా ఒక చుట్టు తిరిగింది.
"ఇద్దరూ ఉండగా కుదరదు సార్."

యాభై శాతమంటే తొమ్మిదివేల నాలుగునూర్లు.
కాలిక్యులేటర్ మావైపు తిప్పి చూపించినాడు.
మా ఆయన ఆ అంకెను చూసినాడు,
నన్ను చూసినాడు, మళ్ళీ అంకెను చూసి
వరండాలోకి పోయి షోరూముకు ఫోన్ చేసినాడు.
"పేరు రొంత మార్చల్లప్పా... ఊరికే... ట్యాక్సు కోసరం."

ట్యాక్సు కోసరమంట.

ఉత్తరం చేతికొచ్చింది. మూడేళ్ళు చెల్లుతుంది.
ఎం. హైమావతి. ఒక్క అక్షరం తప్పు పోలేదు.
దాని కింద ఒకే వాక్యం:
ఈ కాలంలో ఏ క్లెయిమూ నమోదు కాలేదు.
జరగలేదని రాయలేదు,
నమోదు కాలేదని రాసినారు.
పని తెలిసినోళ్ళెవరో రాసుంటారు.
ల్యాబులో మేమూ అంతే,
స్లైడు మీద క్రిమి కనబడలేదంటాం గానీ
లేదని ఏ కాగితం మీదా సంతకం చెయ్యం.

ఇంటికి ఆటోలో వచ్చినాం.
ఆయన డ్రైవరు పక్కన, నేను వెనక.
ఒళ్ళో కవరు ఎగిరిపోకుండా
చేతిసంచి దాని మీద పెట్టుకున్నా.

పొద్దుగూకినాక మునిశేఖర్ ఫోన్.
"అక్కా, ఎడమపక్క తలుపు
రొంత పైకెత్తి మూయాల్నా?"

అవునప్పా. ఎత్తి మూయాల.
చెప్పడం మర్చిపోయినా.