నిండు నిమిషం

గుండె మందులకు నాలుగు గంటలని సిలబస్‌లో రాసి ఉంది.
నాకు దక్కింది యాభై నిమిషాలు.
అందులోనూ పది మొఖోట్లాంగ్ చలి తినేసింది,
బూట్ల మంచు గడప దగ్గర విదిల్చి
దుప్పట్లు సర్దుకుని వాళ్లు కూర్చునేసరికి.

బీటా బ్లాకర్లు పరుగు మీద చెప్పాను.
నైట్రేట్ల కింద ఒక గీత గీసి వదిలేశాను.
వెనక బెంచీలో ఎవరిదో కలం ఆగిపోయింది,
నేను ఆగలేదు.

డిజాక్సిన్ దగ్గర మాత్రం
సుద్దముక్క కింద పెట్టేశాను.
బతికించే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య
వెంట్రుకవాసి.
గోడ గడియారంలో ఇంకా ఏడు నిమిషాలు.

"పక్కవాళ్ల మణికట్టు పట్టుకోండి.
నిండు నిమిషం.
పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేసేవాళ్లు
నా క్లాసుకి రానక్కర్లేదు."

ముప్ఫై నాలుగు మంది. ఒక్క మాట లేదు.
పారఫిన్ హీటరు గురక.
బయట ఎవరిదో పొట్టి గుర్రం మంచు గీరుతోంది.
ఇంత కాలం ఒక్కసారిగా
నేనెన్నడూ ఖర్చు పెట్టలేదు.

పులానే చెయ్యెత్తింది.
"మోలెఫిది యాభై ఆరు, మేడం."
"అయితే?"
"మాత్ర ఇవ్వను. డాక్టరుకి ఫోన్ చేస్తాను."
"ఫోన్ కలవకపోతే?"
కిటికీలోంచి కొండల వైపు చూసింది.
"ఇవ్వనే ఇవ్వను."

మోలెఫి రోజూ ఆ కొండెక్కి పరుగెత్తే కుర్రాడు,
యాభై ఆరు అతనికి ఆరోగ్యమే.
అది చెప్పేలోగా గంట కొట్టేశారు.

పొటాషియం మిగిలిపోయింది.
కోటు సగం తొడుక్కుని
వాళ్ల వెనకే మెట్లు దిగాను,
గుర్రం దాకా చెబుతూనే ఉన్నాను.