ముప్పై ఆరో నంబరు పన్ను

తెల్లవారేసరికి నా వేళ్ళకి ఇంకా లవంగనూనె వాసన.
రాత్రి సబ్బుతో రెండుసార్లు తోమినా వదల్లేదు.
మైక్రోబస్సులో పక్కసీటు పిల్లాడు ముక్కు ఎగబీల్చి
"అక్కా, నీ దగ్గర పన్నునొప్పి వాసనొస్తోంది" అన్నాడు.
కిటికీ అవతల సుక్రే ఊరంతా సున్నం వేసిన గోడలు.
నాకు మాత్రం కిందా పైనా పళ్ళవరసలే.

మొదటి ఏడు మైనంతో పోయింది.
సారాదీపం, చిన్న కత్తి, నీలిమైనం ముద్ద.
కింది దవడ పెద్ద దంతానికి ఐదు శిఖరాలు,
మధ్యలో వానపడితే నీళ్ళు నిలిచేంత లోయ.
డాక్టర్ అరాన్సిబియా దాన్ని వెలుతురుకి పట్టి చూసి
బొటనవేలితో నలిపి "మళ్ళీ" అన్నారు.
నేను పన్నెత్తి మాట అనలేదు.
పదకొండోసారికి "ఇది నమలగలదు" అన్నారు.
ఆ మూడు ముక్కలతో నెల గడిపేశాను.

రెండో ఏడు, సీసా.
ఊళ్ళో పళ్ళడాక్టర్ల గుమ్మాలన్నీ ఎక్కి
పీకేసిన పళ్ళు అడుక్కున్నాం, నేనూ విల్మారూ.
ఏ పన్ను ఎవరింటి మొక్కజొన్న నమిలిందో
బ్లీచింగ్ నీళ్ళలో ఆనవాలు మిగల్లేదు.
కిటికీలో ఆ సీసా చూసిన రోజు నుంచీ
మా ఇంటావిడ అద్దె కూడా తలుపుసందులోంచే తీసుకుంటోంది.

ఇప్పుడు మూడో ఏడు. ఇప్పుడు కావలసింది మనిషి.
రికార్డు పుస్తకంలో ఒక ఖాళీ గడి:
ముప్పై ఆరో పన్ను, రెండు పక్కలా పుచ్చు,
నరందాకా పోకూడదు, మరీ పైపైనా ఉండకూడదు.
పెళ్ళిసంబంధమైనా ఇన్ని అడగదు.
బస్సులో ఎవరు ఆవలించినా వంగి చూస్తాను.
విందుల్లో గట్టిగా నవ్వేవాళ్ళ పక్కన కూర్చుంటాను.

దొరికింది. దోన్యా సాతుర్నీనా.
రైతుబజారులో చున్యో అమ్ముతుంది:
మంచుకి ఆరబెట్టి, కాళ్ళతో తొక్కి, ఎండబెట్టిన దుంపలు,
చూస్తే నల్లటి గులకరాళ్ళు.
బుగ్గలో కోకా ఆకుల ఉండ. ముందుపంటి మీద బంగారు నక్షత్రం.
"దీనికీ ఒక నక్షత్రం పెడతావా?"
నక్షత్రానికి మార్కులు లేవన్నాను.

పరీక్షరోజు ఎనిమిదిన్నర. నా కుర్చీ ఖాళీ.
మిగతా పదకొండు కుర్చీల దగ్గరా డ్రిల్లులు తుమ్మెదల్లా.
తెల్లకోటుతోనే పరిగెత్తాం.
ఆవిడ తూకం మీంచి కళ్ళెత్తలేదు.
"పరీక్ష నీది. బేరం నాది. కొట్టు వదిలి ఎలా రాను?"
విల్మార్ పరీక్ష వచ్చేవారం.
మాటాడకుండా కోటు విప్పి, ఆవిడ ఏప్రన్ కట్టుకుని
బస్తాల వెనక చతికిలబడ్డాడు.

సూది. రబ్బరు తెర. దీపం కింద ఒక్క పన్ను,
మనిషి నుంచి విడిపోయి ఒంటరిగా.
"నొప్పెడితే నానవన్ అను."
మా అమ్మమ్మ మాట వినగానే ఆవిడ భుజాలు కాస్త దిగాయి.
నిమిషానికోసారి అడిగాను.
"మానారఖ్," తెర వెనక నుంచి గొణిగింది. ఇంకా లేదు.
ఇంకా లేదంటే రాబోతోందనే కదా.
అద్దం పట్టిన చెయ్యి వణికింది. డ్రిల్లు పట్టింది వణకలేదు, అదృష్టం.

అరాన్సిబియా ముల్లుతో అంచంతా గీరారు.
ఒకచోట ముల్లు తట్టుకుంది. అరవై ఎనిమిది.

తిరిగి వెళ్ళేసరికి విల్మార్ ముఖం వెలిగిపోతోంది:
బస్తా మొత్తం అమ్మేశాడు, సగం ధరకి.
సాతుర్నీనా తిట్టబోయింది గానీ
మొద్దుబారిన పెదవి లోంచి సగం తిట్టే వచ్చింది.
లెక్కపెడితే ముప్పై ఒక్క బొలీవియానోలు తక్కువ.
గ్లవ్స్ కోసం దాచింది, బస్సుకి ఉంచుకుంది, ఇచ్చేశాను.
డబ్బు నడుముసంచిలో దోపుకుని
దోసెడు చున్యో నా కోటుజేబులో పోసింది, కొసరు.

ఇంటిదాకా నడక.
రాత్రి అవి నానబెట్టి ఉడికించి కుడివైపే నమిలాను.
ఎడమవైపు ఏప్రిల్ నుంచీ సలుపు.
అద్దంలో చూసుకున్నాను కూడా: ముప్పై ఆరు, రెండు పక్కలా.
విల్మార్ పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది.
వాడు రోజూ బస్సెక్కి ఆవలింతలు వెతుకుతున్నాడు.
వాడి చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు,
అందుకే చెప్పలేదు.
మానారఖ్.