చింతపిక్కలు నలభై

లాకుల దగ్గర నాకు పేకాట నేర్పింది
లస్కరు ఏసుపాదం పెళ్లాం రూతమ్మ.
రేకుల షెడ్డులో, గోనెపట్టా మీద,
తలుపుల సందుల్లోంచి కాలవ
చిమ్ముతున్న చప్పుడులో.

నలభై చింతపిక్కలు లెక్కెట్టి ఒళ్లో పోసేది.
"ఇయ్యే నీ ఆస్తి. అయిపోతే లేచి ఇంటికెళ్లు.
అప్పడిగావా, చెయ్యి ఇరుగుద్ది."

ముందు ఒరిజినల్ కట్టుకోమనేది.
అది లేని చెయ్యి
గట్టెయ్యకుండా నీరెట్టిన మడంట.
రాజునీ రాణినీ అందానికి దాచుకుంటే
"పదేసి పాయింట్ల బరువురా, పడవ మునుగుద్ది."
ఏడు ముక్క చూడ్డానికి చిన్నదే,
అటు అయిదూ ఆరూ, ఇటు ఎనిమిదీ తొమ్మిదీ,
ఎటు తిరిగినా చుట్టాలే దానికి.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది స్కూటు.
పదమూడు ముక్కలూ తలోదారీ పట్టుంటే
ఇరవై ఇచ్చేసి బోర్లా పెట్టడం.
పిరికోడన్నారు కుర్రాళ్లు.
ఆవిడ తలుపుల చక్రం వైపు గడ్డమెత్తింది:
"వరదొస్తే తలుపులు బిగించుకు కూచుంటారా?
గట్టు తెగుద్ది."

ఇంకో కట్టుబాటు కూడా పెట్టింది:
స్కూటు కొట్టాక
కట్టమీది ముక్క తిప్పి చూడకూడదు.

ఇరవయ్యేళ్ల తర్వాత, రాజోల్లో,
రొయ్యల మేత కొట్టు వెనక గది.
పాయింటు రెండ్రూపాయలు.
ఆరొందలు జేబులో, మిగతాది ఇంట్లో.
కళావరు ఏడొస్తే నాకు ఒరిజినల్.
ఉన్నవి రెండే, ఒకటి మొదట్లోనే పోయింది.
ఎదుటి అబ్బులు మూడు చుట్లుగా
తీసిన ముక్క తీసినట్టే పారేస్తున్నాడు,
ఆటకి ఒక్క ముక్క దూరంలో ఉన్నోడు
అలాగే ఆడతాడు.

నా పక్కన కాసుబాబు.
చెరువు లీజు డబ్బు సగం ఆ బల్ల మీదే దిగిపోయింది.
"ఇంకొక్కాట. పోయింది తిరిగొస్తదిరా."
ముక్కలకి జ్ఞాపకం ఉండదు,
ఇందాక ఎవడు ఓడాడో వాటికేం తెలుసు?
వాడూ ఆ గోనెపట్టా మీద కూచున్నవాడే,
నాకన్నా బాగా ఆడేవాడు కూడా.
ఆట మొత్తం నేర్చుకున్నాడు,
పిక్కలు అయిపోయాక లేవడం తప్ప.

మిడిల్ స్కూటు. నలభై.
ముక్కలు బోర్లా పెట్టి లేచాను.
"రారా, పోదాం" అన్నాను. తలెత్తలేదు.

అబ్బులు చెయ్యి చాచేలోపే
నిజం చెప్పాలి కదా,
తిప్పి చూశాను.
కళావరు ఏడు.

వానలో సైకిలు తొక్కుకుంటూ వస్తుంటే
కాలవ పొడవునా ఆ ముక్క
నా పక్కనే ఈదుకుంటూ వచ్చింది.
లాకుల దగ్గర రెండుసార్లు
బండి వెనక్కి తిప్పబోయి, ఆపుకున్నాను.

ఎందుకు చూడొద్దందో
అప్పుడు తెలిసింది.