చెయ్యి తిరగడం

హామర్‌ఫెస్ట్‌లో నవంబరు.
మధ్యాహ్నం రెండింటికే కిటికీ నిండా రాత్రి.
ఎడమ పక్కకు ఒత్తిగిల్లి పడుకున్నాడు ఓడ్వార్,
నలభై ఏళ్లు కాడ్ చేపల వెంట తిరిగిన సరంగు.
మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని
సిగ్గు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
తెర వైపే చూస్తున్నాడు.

పేగు గోడకు ఐదు పొరలు.
తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు.
పుస్తకంలో స్కేలు పెట్టి గీసినట్టుంటాయి.
ఇక్కడ తడిగోడ మీద సున్నం కారినట్టు.
గడ్డ రెండో నలుపు దాటిందా లేదా,
నన్నడిగింది అంతే.
దాటితే ముందు వారాల తరబడి రేడియేషన్.
దాటకపోతే నేరుగా కత్తి.

దాటిందన్నాను. టీ-3 అని రాశాను.

"మా పడవలోనూ ఇలాంటి తెరే ఉంది" అన్నాడు ఓడ్వార్,
"కొత్త కుర్రాళ్లకి అడుగున బురద లేచినా
చేపల గుంపే."
నవ్వాను.
నా గురించి అనుకోలేదు.

టోర్‌బ్యోర్గ్ వచ్చింది, గ్లవ్స్ తొడుక్కుంది.
ప్రోబ్ అదే, జెల్ అదే, మనిషీ అతడే.
మణికట్టు వెంట్రుకవాసి తిప్పింది.
నేను తెగిందన్న నల్లగీత
మెల్లగా వచ్చి
తన రెండో కొసను తానే అందుకుంది.

"ఏటవాలుగా చూశావు.
చుట్టూ ఉన్న వాపును కూడా గడ్డలో కలిపేశావు. టీ-2."
కోప్పడలేదు. అదే కష్టమనిపించింది.

చెయ్యి తిరిగినవాళ్లు అంటారే,
ఆ తిరగడం ఇంత చిన్నదని
ఎవరూ చెప్పలేదు.

డ్యూటీ దిగాక సొరుగులోంచి ఓ నోటుబుక్కు తీసింది.
ఎడమవైపు తను చూసింది,
కుడివైపు ఆపరేషన్ తర్వాత ల్యాబు చెప్పింది.
మొదటి పేజీలో రెండూ కలిసిన వరసలు
వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.
నాలుగో పేజీ దాకా ఎర్రసిరా తగ్గలేదు.
ఏడో వరస దగ్గర ఆవిడ వేలు ఆగింది:
మారెత్. రెయిన్‌డీర్లు కాసే మనిషి.
"లోపలే ఉందన్నాను.
దాటిపోయి ఉంది."
తర్వాతేమైందో నేనడగలేదు.
పుస్తకం మూసి, కాఫీ చల్లారిపోయిందంది.

జనవరిలో వచ్చింది ఓడ్వార్ రిపోర్టు.
అప్పటికి నేనూ ఓ నోటుబుక్కు కొన్నాను.
ఎడమవైపు టీ-3. కుడివైపు టీ-2.
నెంబరు కాదు, పేరే రాశాను, ఇంటిపేరుతో సహా.

రెండో వరస ఖాళీ.
బయట బెంచీ మీద ఎవరో దగ్గుతున్నారు,
నేనెప్పుడు పిలుస్తానా అని.